డేటా సఫిషియెన్సీ: తెలియనివి రెండు, సమీకరణం ఒకటే. అయినా ఎలా సరిపోతుంది?

గాజువాక_జీమ్యాట్
జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) డేటా సఫిషియెన్సీ లెక్క ఇది. ఇందులో విలువ కాదు, అది తేలడానికి ఏ స్టేట్‌మెంట్ చాలునో చెప్పాలి: ఒకటోది ఒక్కటే చాలితే ‘ఏ’, రెండోది ఒక్కటే చాలితే ‘బీ’, రెండూ కలిపితేనే చాలితే ‘సీ’, దేనికదే చాలితే ‘డీ’, కలిపినా చాలకపోతే ‘ఈ’. ఒకాయన జగదాంబ సెంటర్‌లో 17 రూపాయల పెన్నులు, 29 రూపాయల నోట్‌బుక్కులు కొన్నాడు. పెన్నులెన్ని?
(1) బిల్లు మొత్తం 172 రూపాయలు.
(2) పెన్నులు, నోట్‌బుక్కులు కలిపి 8.
కీలో ‘ఏ’ అని ఉంది, అంటే ఒకటోది ఒక్కటే చాలట. రెండూ కలిపితే కదా విలువ తేలేది, ‘సీ’ ఎందుకు కాదు?

సీతమ్మధార_లెక్కలు
కీ కరెక్టేనండి. 17ప + 29న = 172 రాసి ఆగిపోకండి. ఇక్కడ ప, న రెండూ పూర్ణాంకాలు. పెన్ను సగం కొనలేం. 172లోంచి 29 చొప్పున తీసేస్తూ పోండి: 143, 114, 85, 56, 27. వీటిలో 17తో భాగించబడేది 85 ఒక్కటే. అంటే నోట్‌బుక్కులు 3, పెన్నులు 5. ఇంకో దారి లేదు. రెండోది ఒక్కటే చూస్తే పెన్నులు 1 నుంచి 7 దాకా ఎన్నైనా కావచ్చు. కాబట్టి ‘ఏ’.

‘సీ’ ఇక్కడ ఎర. రెండు స్టేట్‌మెంట్లు కలపగానే లెక్క మరీ సులువుగా తేలిపోతోందంటే, ఒక్కదాంతోనే అవుతుందేమో ఓసారి చూడాలి. అలాగని ప్రతిచోటా ఇది పనిచేయదు. ధరలు 10, 25, బిల్లు 150 అనుకోండి: 10 పెన్నులు 2 పుస్తకాలు సరిపోతాయి, 5 పెన్నులు 4 పుస్తకాలూ సరిపోతాయి. అప్పుడు మొత్తం వస్తువులెన్నో చెప్పే రెండో స్టేట్‌మెంట్ కావాల్సిందే. అలాగే ఎంవీపీ రైతుబజారులో కిలో 17 రూపాయల ఉల్లి, 29 రూపాయల టమాటా అంటే, వంద గ్రాములు, రెండొందల గ్రాముల తేడాతో కూడా తూకం వేయించుకోవచ్చు కదా, అవే అంకెలతో జవాబు ‘సీ’ అయిపోతుంది.

అక్కయ్యపాలెం_క్వాంట్
దీనికి తిరగేసిన ఎర కూడా ఉంది. (1) 2 ప్లేట్ల ఇడ్లీ, 3 కాఫీలు 140 రూపాయలు. (2) 6 ప్లేట్ల ఇడ్లీ, 9 కాఫీలు 420 రూపాయలు. ప్లేటు ఇడ్లీ ఎంత? రెండోది ఒకటోదాన్ని 3తో గుణించినదే, కొత్త సమాచారం సున్నా. జవాబు ‘ఈ’. అదే ప్రశ్నని ‘4 ప్లేట్ల ఇడ్లీ, 6 కాఫీలు కలిపి ఎంత’ అని మార్చండి, దేనికదే సరిపోతుంది, ‘డీ’. ఏం అడిగారో చూడకుండా సమీకరణాలు లెక్కపెట్టుకుంటే ఇంతే సంగతులు.

సగటు వేగం లెక్కా అంతే. విశాఖ నుంచి అనకాపల్లికి గంటకు 40 కిలోమీటర్ల చొప్పున వెళ్లి, అదే దారిలో 60 చొప్పున తిరిగొస్తే సగటు 48. దూరం పైనా కిందా ఉండి కొట్టుడుపోతుంది. దూరం ఇచ్చే స్టేట్‌మెంట్ అక్కడ ఊరికే కూర్చుంటుంది.

గాజువాక_జీమ్యాట్
థాంక్సండి, ఇప్పుడు అర్థమైంది. మరి టైమ్? ఇన్ని విలువలు వేసి చూస్తే సరిపోతుందా? మా ఫ్రెండ్ ఐసెట్ (మన రాష్ట్ర ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) రాస్తున్నాడు, వాడికీ ఇదే పద్ధతేనా?

సీతమ్మధార_లెక్కలు
ఇప్పటి జీమ్యాట్‌లో (మొదట్లో దీన్ని ఫోకస్ ఎడిషన్ అనేవారు) ఇవి డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌లోకి వెళ్లాయి: 45 నిమిషాలు, 20 ప్రశ్నలు, స్క్రీన్ మీద కాల్‌క్యులేటర్ ఉంటుంది. రెండు వేర్వేరు విలువలు దొరికిన క్షణాన ఆ స్టేట్‌మెంట్ చాలదని కొట్టేయండి, మూడోది వెతకొద్దు. ఒకటోది సరిపోతే మిగిలేవి ఏ, డీ. సరిపోకపోతే బీ, సీ, ఈ. ఇది ముందే రఫ్‌లో రాసుకోండి. రెండోది చూసేటప్పుడు ఒకటోది లేనట్టే చదవాలి. అందులోని 172 తెలియకుండానే ఇటు జారుతుంది.

అవును-కాదు ప్రశ్నల్లో ఖాయంగా ‘కాదు’ అని తేలినా సరిపోయినట్టే.

ఐసెట్‌కీ ఆలోచన ఇదే. కాకపోతే అక్కడ ఆప్షన్లు నాలుగే, కాబట్టి జీమ్యాట్ అక్షరాలు బట్టీపట్టి వెళ్లొద్దనండి. పేపర్ మీది సూచనలు చదివాకే మొదలెట్టమనండి.

అక్కయ్యపాలెం_క్వాంట్
వర్గ సమీకరణం వస్తే ఇంకొకటి. దీర్ఘచతురస్రం చుట్టుకొలత 28, వైశాల్యం 48 అంటే భుజాలు 6, 8. ‘పొడవైన భుజం ఎంత’ అంటే తేలిపోయింది. ‘ఒక భుజం ఎంత’ అంటే తేలదు.