ఇంటర్నెట్ సరిగా అందని ఊరిలో పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కు 11 జీబీ రికార్డింగులు ఎలా పంపాలి?

తిరగలి_రాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కొండ పక్కన ఉన్న చిన్న ఊరు. మా నాయనమ్మ పాడిన తిరగలి పాటలు, దంపుడు పాటలు, పెళ్లిళ్లలో నలుగు పెట్టేటప్పుడు పాడే పాటలు 2019 నుంచి నాలుగేళ్లపాటు నా పాత ఫోన్‌లో రికార్డు చేస్తూ వచ్చాను. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ పాటలకు ఇంకెక్కడా ప్రతి లేదు. వీడియోలు 43, ఆడియోలు 60 పైచిలుకు, అన్నీ కలిపి సుమారు 11 జీబీ. వాటిలో 25 నిమిషాల వీడియో ఒక్కటే 3.2 జీబీ ఉంది.

పాత ఫోన్‌లో ఆండ్రాయిడ్ 9 ఉంది. దాని ఛార్జింగ్ పిన్ను పాడై, ఛార్జింగ్ మాత్రం ఎక్కుతోంది కానీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే ఫోన్ కనబడడం లేదు. మెమరీ కార్డు పెట్టుకునే వీలు కూడా ఆ ఫోన్‌లో లేదు. బ్లూటూత్‌తో ఆ పెద్ద వీడియోను పంపి చూశాను. రెండు గంటలు గడిచాక 41 శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ పంపితే ఆగిన చోట నుంచి కాకుండా మొదటి నుంచి మొదలైంది. సగం వచ్చిన ఫైల్‌ను కొత్త ఫోన్‌లో తెరవబోతే అసలు తెరుచుకోలేదు. వాట్సాప్‌లో ఒక పాట పంపితే చేరింది గానీ, నాయనమ్మ ముఖం మసకబారిపోయింది. మా ఊరిలో సిగ్నల్ ఒకటి రెండు గీతలకు మించి రాదు కనుక క్లౌడ్‌లో దాచుకోవడం కూడా అయ్యే పని కాదు.

కేబుల్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, నాణ్యత తగ్గకుండా వీటిని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి తెచ్చుకునే దారి ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే మా తమ్ముడి ఐఫోన్‌లో కూడా ఒక ప్రతి ఉంచాలని ఉంది.

తణుకు_సెల్‌కొట్టు

అమ్మా, ముందుగా ఒక మాట. ఈ పని పూర్తయ్యేదాకా ఆ పాత ఫోన్‌ను రీసెట్ చేయవద్దు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టవద్దు, పిన్ను బాగు చేస్తామన్న వారెవరికీ ఇచ్చి రావద్దు. పద్నాలుగేళ్లుగా ఈ కొట్టులో కూర్చుంటున్నాను. బాగు చేయించడానికి తెచ్చిన ఫోన్‌లోని ఫోటోలు పోయాయని కళ్లనీళ్లు పెట్టుకున్నవారిని ఎందరినో చూశాను. ఫైళ్లు బయటికి వచ్చాక పిన్ను సంగతి చూసుకోవచ్చు.

మీరు చేసిన పనిలో తప్పేమీ లేదు, ఎంచుకున్న దారే ఇరుకైనది. బ్లూటూత్ చిన్న చిన్న వాటి కోసం పుట్టింది. పరిస్థితి ఎంత అనుకూలంగా ఉన్నా దానిలో సెకనుకు ఓ 200 కేబీ వెళుతుంది, అంటే మీ 3.2 జీబీ వీడియో ఒక్కటి చేరడానికే నాలుగున్నర గంటలు కావాలి, మొత్తం 11 జీబీకి పదిహేను గంటలు దాటుతుంది. పైగా మధ్యలో తెగితే మిగతాది అందుకునే ఏర్పాటు అందులో లేదు. సగం వచ్చిన వీడియో తెరుచుకోకపోవడానికి కూడా కారణం ఉంది. ఏ దృశ్యం, ఏ శబ్దం ఫైల్‌లో ఎక్కడ ఉందో చెప్పే పట్టికను ఫోన్ కెమెరాలు సాధారణంగా ఫైల్ చివరలో రాస్తాయి. ఆ చివరి ముక్క రాకపోతే ముందు వచ్చినదంతా ఉన్నా ప్లేయర్‌కు దాన్ని ఎలా చదవాలో తెలియదు. కాబట్టి కంగారు పడకండి, మీ అసలు వీడియోకు ఏమీ కాలేదు.

ఇక పరిష్కారం. వైఫై అనగానే ఇంటర్నెట్ అని మనవాళ్లందరికీ అలవాటైపోయింది గానీ, రెండు ఫోన్లు మధ్యలో రౌటర్, టవర్ ఏవీ లేకుండా వైఫై తరంగాలతోనే నేరుగా మాట్లాడుకోగలవు. దీన్ని వైఫై డైరెక్ట్ అంటారు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచీ ఫోన్లలో ఇది ఉంది. దీన్ని కూడా వాడుకునేలా గూగుల్ 2020లో నియర్‌బై షేర్ అనే సదుపాయం తెచ్చి, 2024 జనవరిలో దానిని శామ్‌సంగ్ వారి దానితో కలిపి క్విక్ షేర్ అని పేరు మార్చింది. మీ పాత ఫోన్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్‌గా ఉంటే, ఏ యాప్ వేసుకోనక్కర లేకుండానే సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో అది కనబడుతుంది.

రెండు ఫోన్లలోనూ వైఫై, బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేయండి. లొకేషన్ ఎందుకని చాలామంది అనుమానపడతారు. చుట్టుపక్కల ఉన్న వైఫై, బ్లూటూత్ పరికరాల జాబితా చూస్తే మనిషి ఎక్కడున్నాడో పసిగట్టవచ్చు కనుక, పాత ఆండ్రాయిడ్‌లలో ఆ వెతుకులాటకు లొకేషన్ అనుమతిని తప్పనిసరి చేశారు. కొత్త ఫోన్‌లో క్విక్ షేర్ తెరిచి, మిమ్మల్ని ఎవరు చూడవచ్చు అన్న చోట 'అందరూ' అని పెట్టండి. పాత ఫోన్‌లో ఒక ఆడియోను నొక్కి పట్టుకుని, షేర్ గుర్తు మీద నొక్కి, క్విక్ షేర్ ఎంచుకుంటే కొత్త ఫోన్ పేరు వస్తుంది. రెండు తెరల మీదా ఒకే అంకెలు కనిపిస్తున్నాయో లేదో చూసుకుని అంగీకరించండి. ఇక్కడ బ్లూటూత్ పని ఫోన్లను పరిచయం చేయడం వరకే, అసలు మోత వైఫై మోస్తుంది. మొదట ఒక చిన్న పాటతో ప్రయత్నించి, కుదిరాక పెద్ద వాటి జోలికి వెళ్లండి.

మరో సంగతి. ఎవరైనా షేర్‌ఇట్ లేదా జెండర్ (Xender) అనే ఫైళ్లు పంపే యాప్‌ను వేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. భారత ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ప్లే స్టోర్‌లో లేని వాటిని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి వేస్తే, వాటితోపాటు ఇంకేమి దిగుతుందో మనకు తెలియదు.

మందస_మామిడితోట

మొదలుపెట్టే ముందు కొత్త ఫోన్‌లో కనీసం 15 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి. 11 జీబీకి సరిగ్గా 11 జీబీ ఖాళీ ఉంటే చివరి ఫైళ్ల దగ్గర ఆగిపోతుంది.

వరంగల్_వైఫై

తణుకు పెద్దాయన చెప్పిన దారి మంచిదే. అయితే పాత ఫోన్లతో క్విక్ షేర్ విషయంలో నాకున్న అనుభవం ఒకటి చెప్పాలి. వైఫై డైరెక్ట్ ఏ కారణం చేతనైనా కుదరకపోతే అది ఆ మాట పైకి చెప్పకుండా బ్లూటూత్ మీదనే పంపుతూ కూర్చుంటుంది. పది ఎంబీ పాటకు అర నిమిషం పైనే పడుతున్నదంటే అదే జరుగుతోందని అర్థం. అలాంటప్పుడు ఆపేసి, ఈ రెండో దారిలో వెళ్లండి.

లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఉంది. దాని సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటుంది, ప్రకటనలు ఉండవు, ఖాతా అడగదు. ఒకే వైఫై నెట్‌వర్క్‌లో ఉన్న రెండు ఫోన్ల మధ్య ఫైళ్లను గుప్తీకరించి పంపుతుంది. సిగ్నల్ కాస్త బాగున్న చోట రెండు ఫోన్లలోనూ ప్లే స్టోర్ నుంచి దించుకుంటే చాలు, ఆ తర్వాత ఇంటర్నెట్‌తో పని లేదు. ఇంట్లో వైఫై లేదు కనుక కొత్త ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, పాత ఫోన్‌ను దానికి కలపండి. మొబైల్ డేటాను రెండు ఫోన్లలోనూ ఆపివేయండి.

చాలామంది తడబడేది ఇక్కడే. పాత ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసిన కొన్ని క్షణాలకు 'ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా కొనసాగాలా?' అన్న అర్థంలో ఒక ప్రశ్న పైన నోటిఫికేషన్‌గా వస్తుంది. దాన్ని చూడకుండా వదిలేస్తే, లేదా వద్దని నొక్కితే, ఫోన్ ఆ వైఫైని పక్కన పెట్టేస్తుంది, అప్పుడు లోకల్‌సెండ్‌లో ఎదుటి ఫోన్ కనబడదు. కొనసాగించమనే చెప్పండి. తర్వాత యాప్ తెరిస్తే ప్రతి ఫోన్‌కూ ఏదో ఒక పండు పేరో కూరగాయ పేరో పెట్టి ఉంటుంది. అవతలి ఫోన్ పేరు ఏమిటో దాని తెరమీద చూసుకుని, దానికే పంపండి.

హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ఎంపికలు ఉండవచ్చు. పాత ఫోన్‌కు 5 గిగాహెర్ట్జ్ అందితే సెకనుకు 20 నుంచి 30 ఎంబీ వస్తుంది కనుక మీ పని పది నిమిషాల్లోపే అవుతుంది. అందకపోతే, అంటే ఆ ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే, 2.4కు మార్చండి, సెకనుకు నాలుగైదు ఎంబీ చొప్పున 40 నిమిషాలు పడుతుంది. రెండు ఫోన్లనూ ఒకే బల్ల మీద జానెడు దూరంలో, ఛార్జింగ్ పెట్టి, వెనుక కవర్లు తీసి ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆపి, తెర ఆరిపోకుండా చూసుకోండి. తెర ఆరితే కొన్ని కంపెనీల ఫోన్లు వెనుక నడిచే పనిని ఆపివేస్తాయి.

నలభై మూడు వీడియోలనూ ఒకేసారి ఎంచుకోవద్దని నా సలహా. అయిదారు చొప్పున పంపితే ఎక్కడైనా తెగినా నష్టం తక్కువ, లెక్క చూసుకోవడమూ తేలిక. ఆడియోల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఫోటో లోపల తీసిన తేదీ రాసి ఉంటుంది గానీ, వాయిస్ రికార్డర్ ఫైళ్లలో చాలాసార్లు అది ఉండదు. కొత్త ఫోన్‌కు చేరాక పంపిన రోజే తేదీగా కనబడవచ్చు. ఫైల్ పేరులో తేదీ ఉంటే ఆ పేరు మార్చకండి. లేకపోతే పాత ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌లోనే ఆడియోలన్నిటినీ ఒక జిప్‌గా కట్టి పంపండి, జిప్ లోపల పాత తేదీలు నిలిచి ఉంటాయి.

తిరగలి_రాయి

ఇద్దరికీ కృతజ్ఞతలు. క్విక్ షేర్‌లో మొదటి పాట వెళ్లింది కానీ, వరంగల్ వారు చెప్పినట్టే 9 ఎంబీ పాటకు నిమిషం పట్టింది. అందుచేత ఆపేసి లోకల్‌సెండ్ పెట్టుకున్నాను. ఇంటర్నెట్ లేదన్న ప్రశ్న మొదటిసారి నా కంట పడలేదు, పావుగంట వెతుక్కున్నాక మీ మాట గుర్తొచ్చి పై నుంచి నోటిఫికేషన్ లాగితే అక్కడే ఉంది. పాత ఫోన్‌కు 5 గిగాహెర్ట్జ్ అందలేదు. 2.4 మీదనే విడతలు విడతలుగా పంపితే మొత్తం గంటలోపు అయింది. రెండు సందేహాలు మిగిలాయి. అన్నీ సరిగా వచ్చాయని ఎలా నిర్ధారించుకోవాలి? తమ్ముడి ఐఫోన్‌కు ఎలా పంపాలి?

ఫ్రిస్కో_వాసి

ఐఫోన్ సంగతి నేను చెబుతాను, ఏటా సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మ ఫోన్‌తో ఇదే పని చేస్తుంటాను. ఆండ్రాయిడ్ నుంచి బ్లూటూత్‌లో ఫైల్ పంపితే ఐఫోన్ తీసుకోదు. ఐఫోన్లలో ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్ ఎంతోకాలం ఆపిల్ పరికరాల మధ్యనే ఉండిపోయింది. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోన్లలో క్విక్ షేర్‌ను ఎయిర్‌డ్రాప్‌తో కలిపింది గానీ, మీ పాత ఫోన్‌కు అది రాదు. మీరు ఇప్పటికే నేర్చుకున్న లోకల్‌సెండ్ ఐఫోన్‌లోనూ ఉంది కనుక అదే సులువైన దారి. మీ తమ్ముడిని అక్కడ ఉండగానే యాప్ దించుకుని రమ్మనండి, మీ ఊరికి వచ్చాక దించుకోవడం కష్టం కావచ్చు. హాట్‌స్పాట్ మీ ఆండ్రాయిడ్‌లోనే పెట్టండి. మొదటిసారి తెరిచినప్పుడు లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతకడానికి ఐఫోన్ అనుమతి అడుగుతుంది, దానికి ఒప్పుకోవాలి. పొరపాటున వద్దంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలోకి వెళ్లి మళ్లీ ఇవ్వవచ్చు. పంపుతున్నంతసేపూ ఐఫోన్‌లో ఆ యాప్ తెరమీదే ఉండాలి, మధ్యలో వేరే యాప్‌లోకి వెళితే ఆగిపోతుంది.

వరంగల్_వైఫై

సరిచూసుకోవడం ఇలా. ముందు రెండు ఫోన్లలోనూ ఫైళ్ల సంఖ్య సరిపోవాలి. తర్వాత ఒక్కొక్క ఫైల్ వివరాల్లోకి వెళ్లి పరిమాణం పోల్చండి. '3.2 జీబీ' అన్న గుండ్రటి అంకె చాలదు, వివరాల్లో బైట్ల అంకె చూపిస్తే అది చివరి అంకెదాకా కలవాలి. వంద పైచిలుకు ఫైళ్లే కనుక ఒక సాయంత్రం కూర్చుంటే అవుతుంది. ఆ తర్వాత ప్రతి వీడియోలో చివరి నిమిషానికి జరిపి విని చూడండి. తమ్ముడి ఫోన్‌లో కూడా ఇలాగే చూసేదాకా, అంటే మూడు చోట్లా ఉన్నాయని తేలేదాకా, పాత ఫోన్‌లో ఒక్క ఫైల్ కూడా తొలగించకండి.

తిరగలి_రాయి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పండుగకు తమ్ముడు వచ్చి వెళ్లాడు. మా అమ్మ పాత ఫోన్‌లోని అంకెలు పైకి చదువుతుంటే నేను కొత్త ఫోన్‌లోవి, తమ్ముడు తన ఫోన్‌లోవి చూసుకుంటూ మూడింటినీ సరిపోల్చాము. ఒక ఆడియో మాత్రం కొత్త ఫోన్‌లో సున్నా బైట్లుగా ఉంది. దాన్ని పాత ఫోన్ నుంచి మళ్లీ పంపితే సరిగా వచ్చింది. ఆ రోజు లెక్క చూడకుండా ఉంటే ఆ పాట మాకు దక్కేది కాదు. తర్వాత వరంగల్ వారు చెప్పినట్టు ఆ 25 నిమిషాల వీడియోలో చివరి నిమిషానికి జరిపాము. పాట అయిపోయి, తిరగలి ఆగి, నాయనమ్మ పిండి చేతులు దులుపుకుంటూ ఫోన్ వైపు చూసి "ఇంకా తీస్తన్నావేటే?" అని అడుగుతోంది. ఈ మాట ఆ వీడియోలో ఉందని నాకే గుర్తులేదు.

పాత ఫోన్‌లో ఏదీ తొలగించలేదు. దాన్ని ఆపి, బీరువాలో పెట్టాము.