మెట్రోకి వేల కోట్లు దొరుకుతున్నాయి, సిటీ బస్సుకి రోజు ఖర్చు ఎందుకు దొరకట్లేదు? వైజాగ్ వాళ్లు చెప్పండి

కొమ్మాది_వాసి:

అందరికీ నమస్తే అండి. నేనుండేది కొమ్మాది, ఉద్యోగం గాజువాక దగ్గర. మెట్రో మొదటి దశకి 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది కదా, స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీసుకి 5 కిలోమీటర్ల పైచిలుకు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి 6.75, అన్నీ కలిపి 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, 11,498 కోట్లు. మా వైపు అందరూ సంతోషంగానే ఉన్నారు, నేనూ అంతే. కానీ రైలు తిరిగేదాకా ఏళ్లు పడుతుంది, ఈలోపు హైవే మధ్యలో పిల్లర్లు లేస్తుంటే ఉన్న రోడ్డు సగమైపోతుంది, అప్పుడు జనం ఎలా తిరగాలి అన్న మాట ఎక్కడా వినపడట్లేదు.

సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం బస్టాప్ చూడండి. షెల్టర్ ముందు వరసగా షేర్ ఆటోలు, అందుకని బస్సు షెల్టర్ దాటి ఎక్కడో ముందు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, జనం రోడ్డు మీదకి పరిగెడతారు, పెద్దవాళ్లు అందుకోలేరు, ఈలోపు వెనక హారన్లు, డ్రైవర్ లాగించేస్తాడు. తర్వాత బస్సు ఎప్పుడో తెలీదు. ఇలా అయితే ఎవడైనా బండి కొనుక్కుంటాడు.

నా డౌట్ ఏంటంటే, ఒక కిలోమీటర్ మెట్రోకి లెక్కేస్తే దాదాపు 249 కోట్లు పడుతోంది. ఎలక్ట్రిక్ బస్సు ఒక్కోటి కోటిన్నర అనుకున్నా ఆ డబ్బుతో 160 పైనే బస్సులొస్తాయి. మరి బస్సులు పెంచమంటే నష్టాలంటారేంటి? అసలు ఈ ఊళ్లో బస్సు, మెట్రో, ఆటో, రోడ్డు అన్నీ కలిపి చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డిపో_రిటైర్డ్:

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. నేను డిపోలో షెడ్యూళ్లు వేసే పని చేసి రిటైరయ్యాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

బస్సు కొనడం చిన్న విషయం, దాన్ని రోజూ తిప్పడమే పెద్ద విషయం. డిపోలో మేనేజర్ పొద్దున్నే చూసేది రెండే, కిలోమీటరుకి ఎంత వచ్చింది, ఓఆర్ ఎంత, అంటే సీట్లు ఎంత శాతం నిండాయి అని. ఇప్పుడు నీ రూటే తీసుకో, పొద్దున గాజువాక వైపు వెళ్లే బస్సు కిక్కిరిసి వెళ్తుంది, తిరుగు ట్రిప్పులో సగం సీట్లు ఖాళీ. రద్దీ పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు, కానీ డ్రైవర్ కండక్టర్లకి డ్యూటీ మొత్తానికి జీతం ఇవ్వాలి, మధ్యాహ్నం బస్సు ఊరికే ఉన్నా దాని ఖర్చు దానికి ఉంటుంది. టికెట్ డబ్బులతోనే బతకమంటే డిపో ఏం చేస్తుంది, ముందు కాలనీల ట్రిప్పులు తీసేస్తుంది, ఆరిలోవ లోపలికి, వేపగుంట లోపలికి వెళ్లేవి. తగరపువలస వెళ్లే 222, భీమిలి వెళ్లే 999 లాంటి వాటిని ఎవరూ ముట్టుకోరు, అవి నిండుతాయి. కానీ కాలనీలో బస్సు పోయాక అక్కడివాళ్లు మెయిన్ రోడ్డు దాకా ఆటోలో వచ్చి మళ్లీ బస్సెందుకు ఎక్కుతారు, ఆ ఆటోలోనే మద్దిలపాలెం దాకా పోతారు. అలా మెయిన్ రూటుకి కూడా దెబ్బే. ఈ సంగతి ఓఆర్ కాగితంలో కనపడదు.

ఇంకో లెక్క చెప్తాను, ఇది అందరికీ తెలియాలి. స్టీల్ ప్లాంట్ పక్కనున్న కూర్మన్నపాలెం నుంచి కొమ్మాది 34 కిలోమీటర్లు అనుకో. సగటున గంటకి 18 కిలోమీటర్ల స్పీడ్ వస్తే, మధ్యలో పావుగంట ఆగే టైమ్‌తో కలిపి, పోను రాను నాలుగు గంటలు. ఆరు నిమిషాలకో బస్సు కావాలంటే 40 బస్సులు కావాలి. అదే సిగ్నళ్ల దగ్గర, జంక్షన్ల దగ్గర బస్సుకి దారిచ్చి సగటు స్పీడ్ 24కి తెస్తే మూడు గంటల ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేస్తుంది, 31 బస్సులు చాలు. తొమ్మిది బస్సులు, వాటి క్రూ, వాటి కరెంటో డీజిలో మొత్తం మిగిలింది, జనానికి ప్రయాణం టైమ్ కూడా తగ్గింది. మరి రోడ్డు మున్సిపల్ కార్పొరేషన్ జీవీఎంసీదో హైవే వాళ్లదో, సిగ్నల్ పోలీసులది, బస్సు మాది. రోడ్డు మీద స్పీడ్ పోతే నష్టం మా ఖాతాలో పడుతుంది, దాన్ని సరిచేసే అధికారం మా చేతిలో లేదు. మేం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మీటింగుల్లో చెప్తూనే ఉన్నాం ఈ మాట.

షిఫ్ట్_గాజువాక:

నేను గాజువాక నుంచి అండి, షిఫ్ట్ డ్యూటీ. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్లకి ఫ్రీ. మాలాంటోళ్లకి నెలకి మిగిలే డబ్బు చిన్నదేం కాదు, ఇంతకుముందు దూరమని మానేసిన పనులకి ఇప్పుడు వెళ్తున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. దీన్ని ఎవరన్నా తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. కానీ బస్సులు అవే, ఎక్కేవాళ్లు పెరిగారు, ఫుట్‌బోర్డు మీద చదువుకునే పిల్లలు వేలాడుతున్నారు. ఫ్రీ ఇచ్చినప్పుడు సర్వీసులు కూడా పెంచాలి కదా.

రెండోది రాత్రి పదింటి షిఫ్ట్. దిగాక బస్టాప్ నుంచి ఇంటికి వెళ్లే సందులో లైట్లుండవు. మెట్రో వచ్చినా స్టేషన్ హైవే మీదే కదా ఉండేది, అక్కడ్నించి ఇంటికి ఎలా? పరవాడ, అచ్యుతాపురం కంపెనీలు వాటి స్టాఫ్‌కి సొంతంగా బస్సులు పెట్టుకుంటున్నాయి, సాయంత్రం మా జంక్షన్‌లో వరసగా అవే, కొన్నిట్లో సగం సీట్లు ఖాళీ. మా పక్కింటి ఆమె కాంట్రాక్ట్ మనిషి కాబట్టి ఆ బస్సు ఎక్కనివ్వరు. ఒకే రోడ్డు మీద ఒక బస్సు ఖాళీగా, ఒకటి వేలాడుతూ పోవడం నాకు బాధనిపిస్తుంది.

ప్లానింగ్_చదివినోడు:

గాజువాక అక్క చెప్పిన కంపెనీ బస్సుల సంగతి చాలా పెద్ద పాయింట్ అండి, దానికి మళ్లీ వస్తా, ముందు కొమ్మాది అన్న అడిగిందానికి.

మెట్రో డబ్బు, బస్సు డబ్బు వేరే వేరే రకం. మెట్రోది ఒక్కసారి పెట్టే కట్టుబడి ఖర్చు, దానికి కేంద్రం వాటా ఉంటుంది, విదేశీ బ్యాంకులు తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పు ఇస్తాయి, శంకుస్థాపన ఉంటుంది. బస్సుకి కావాల్సింది ప్రతి సంవత్సరం ఇచ్చే డబ్బు, దానికి అప్పు ఎవరూ ఇవ్వరు, శిలాఫలకం కూడా ఉండదు. ఉదాహరణకి లెక్కేద్దాం, బస్సు రోజుకి 200 కిలోమీటర్లు తిరిగి, కిలోమీటరుకి టికెట్లు పోను 20 రూపాయలు తక్కువ పడిందనుకోండి. ఏడాదికి ఒక బస్సుకి 14.6 లక్షలు, 500 బస్సులకి 73 కోట్లు. మెట్రో ఖర్చులో సగం అప్పు తెచ్చి 2 శాతం వడ్డీ అనుకున్నా ఏడాది వడ్డీయే 115 కోట్లు. నేను మెట్రో వద్దనట్లేదు, రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్‌లోనే విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమని రాశారు, మన ఊరు కొండలకీ సముద్రానికీ మధ్య సన్నగా సాగిపోయింది కాబట్టి ఒక పొడుగు లైనుకి బాగా సరిపోతుంది కూడా. కానీ 73 కోట్లు లేవనడం మాత్రం నేనొప్పుకోను. పెట్టుకుంటే ఉంటాయి.

కేంద్రం కూడా ఈ మాట కొంత అర్థం చేసుకుంది. 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ పెట్టారు, 10,000 బస్సులు, అందులో విశాఖకి 100. కొత్త విషయం ఏంటంటే బస్సు కొనడానికి కాకుండా తిరిగిన కిలోమీటరుకి డబ్బు ఇస్తారు, 12 మీటర్ల బస్సుకి 24 రూపాయలు, 9 మీటర్లదానికి 22, చిన్నదానికి 20. బస్సు ప్రైవేటు వాళ్లది, టికెట్ డబ్బు మనది, కంట్రాక్టర్‌కి కిలోమీటరు లెక్కన కడతాం, టైమ్‌కి తిప్పకపోతే కోత పెట్టొచ్చు. లండన్‌లో నడిచేది దాదాపు ఇదే పద్ధతి. కోత పెట్టే మనిషి ఇక్కడ ఉంటేనే పనిచేస్తుందనుకోండి.

ఇప్పుడు కంపెనీల సంగతి. ఫ్రాన్స్‌లో 1971 నుంచి ఒక పన్ను ఉంది, ఊళ్లో 11 మంది కంటే తక్కువ కాకుండా పనివాళ్లున్న ప్రతి యజమానీ జీతాల మీద కొంత శాతం ఆ ఊరి బస్సులకి, ట్రాములకి కట్టాలి. అది ఆ ఊరి రవాణా సంస్థకే పోతుంది, వేరే ఖాతాలో కలవదు. మన దగ్గర స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, ఫార్మా, రుషికొండ ఐటీ అందరూ ఇప్పటికే స్టాఫ్ రవాణాకి ఖర్చు పెడుతున్నారు, అందులో కొంత ఒక చోటికి తెస్తే అక్క చెప్పిన రాత్రి పదింటి బస్సు తిరుగుతుంది. చట్టంలో రాయించాలి కానీ, మాట మీద ఆగదు. హైదరాబాద్‌లో సిటీ బస్సుల నష్టం జీహెచ్‌ఎంసీ భరించాలని ఒకప్పుడు అన్నారు, కొన్నాళ్లు ఇచ్చి ఆపేశారు.

అందరినీ కలిపి చూసేవాళ్లు ఉండాలని 2017 మెట్రో పాలసీలో స్పష్టంగా ఉంది, ఊరికి ఒకే రవాణా అథారిటీ, మొబిలిటీ ప్లాన్, స్టేషన్ నుంచి 5 కిలోమీటర్ల దాకా ఫీడర్లు అంటే జనాన్ని స్టేషన్‌కి చేర్చే బస్సులు, లైను పక్కన పెరిగే భూమి విలువలో వాటా. మహారాష్ట్రలో మెట్రో ఊళ్లలో రిజిస్ట్రేషన్ మీద 1 శాతం సెస్ వేస్తున్నారు. మధురవాడ, కొమ్మాదిలో మెట్రో పేరు చెప్పి స్థలాల రేట్లు పెంచుతున్నారు, ఆ పెరిగినదాంట్లో లైనుకి ఎంత వస్తుందన్నదే అడగాలి.

కొమ్మాది_వాసి:

చాలా థాంక్స్ అండి, కిలోమీటరుకి ఇవ్వడం అనే మాటతో నాకు చాలా క్లియర్ అయింది. కానీ డిపో మాస్టారూ, బస్సుకి దారి ఇవ్వడం మన ఊళ్లో చేశారుగా, బీఆర్‌టీఎస్. అది ఎందుకు అలా అయింది?

పెందుర్తి_రోడ్డు:

నేను ఆ రోడ్డు మీదే ఉంటాను, నేను చెప్తా. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం డబ్బుతో రెండు కారిడార్లు, పెందుర్తి ఒకటి, సింహాచలం ఒకటి, మధ్యలో బస్సుకి వేరే లేన్. రోడ్డు వెడల్పయింది, దానివల్ల ఊరికి మేలే జరిగింది. సింహాచలం, అడివివరం దగ్గర భూసేకరణ ఏళ్లపాటు తేలలేదు, దాంతో లేన్ ముక్కలుగా మిగిలింది, ముక్కలుగా ఉన్న లేన్‌లో బస్సుకి స్పీడ్ రాదు. పైగా లేన్ కట్టారు గానీ దాంట్లో తిరగడానికి కొత్త బస్సులు, ఆ స్టాపుల్లో టికెట్లు ముందే ఇచ్చే ఏర్పాటు, లేన్‌లోకి వచ్చే కారుకి ఫైన్ వేసే మనిషి ఎవరూ రాలేదు. అహ్మదాబాద్‌లో 2009లో మొదలుపెట్టినప్పుడు జనమార్గ్ అని విడిగా కంపెనీ పెట్టి, బస్సులు, స్టేషన్లు, టికెట్లు అన్నీ దాని చేతికే ఇచ్చారు, అందుకే అది నిలబడింది. ఇక్కడ రోడ్డు కాంట్రాక్ట్ అయిపోయాక ఆ లేన్‌కి యజమాని లేడు. ఖాళీగా ఉన్న లేన్ చూస్తే పక్కన ట్రాఫిక్‌లో ఉన్నవాడికి కడుపు మండుతుంది, వచ్చేస్తాడు.

నాకు భయం ఏంటంటే ఇప్పుడు మెట్రో కింద దాదాపు 20 కిలోమీటర్లు డబుల్ డెక్కర్ అంటున్నారు, కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవర్, పైన మెట్రో. అదే దారిలో కార్లకి టోల్ లేకుండా ఫ్లైఓవర్ ఇస్తే కారున్నవాడు మెట్రో ఎందుకెక్కుతాడు? మెట్రోకి రావాల్సిన టికెట్ డబ్బు అక్కడే పోతుంది. హైదరాబాద్‌లో అంత రద్దీ ఉన్న మెట్రోనే లాభాలు రాక ఎల్ అండ్ టీ తప్పుకుంటామంది, 2025 సెప్టెంబర్‌లో ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంది.

డిపో_రిటైర్డ్:

పెందుర్తి వారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఒక్కటి కలుపుతాను. ఆడవాళ్లకి ఇచ్చే జీరో టికెట్ కూడా మెషీన్‌లోనే కొడతారు, ఎక్కడ ఎక్కారు ఎక్కడ దిగారు అన్నీ దాంట్లో ఉంటాయి. మా రోజుల్లో మనుషుల్ని స్టాపుల్లో నిలబెట్టి లెక్క పెట్టించేవాళ్లం సర్వే అని. ఇప్పుడు ఏ స్టాపులో ఏ గంటకి ఎంతమంది అన్నది ఎదురుగా ఉంది, దాన్ని ముందేసుకుని కాలనీల రూట్లు మళ్లీ గీస్తే ఫీడర్ ఎక్కడ కావాలో తెలిసిపోతుంది. అమ్మా, మీ పదింటి షిఫ్ట్ సంగతి కూడా దాంట్లో కనపడుతుంది, కానీ బస్సు లేని టైమ్‌లో టికెట్ కూడా ఉండదు కాబట్టి కంపెనీల షిఫ్ట్ టైమింగులు విడిగా తెప్పించుకోవాలి.

కొమ్మాది_వాసి:

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి మా అపార్ట్‌మెంట్ల వాళ్లం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. ఏం రాయమంటారు? బస్సులు పెంచండి అని రాస్తే పక్కన పడేస్తారు.

ప్లానింగ్_చదివినోడు:

అవునన్నా, అలా రాయొద్దు. ఒక్కటే అడగండి. మెట్రో పనులకి ట్రాఫిక్ మళ్లింపు ప్లాన్ వేస్తారు, అందులో హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా పని జరిగినన్నాళ్లూ బస్సుకి ఒక లేన్ వదలాలి, ఆ లేన్ చూసే బాధ్యత ఫలానా అధికారిదని పేరుతో సహా ఉండాలి, నెలనెలా బస్సు సగటు స్పీడ్ బయట పెట్టాలి. మాస్టారి 40 బస్సులు, 31 బస్సుల లెక్క కింద రాసేయండి. పని కాంట్రాక్టర్ చేతికి వెళ్లకముందే ఈ అర్జీ ఇవ్వాలి అన్నా, పిల్లర్ గుంత తవ్వాక లేన్ అడిగితే కాంట్రాక్టర్ ఎక్స్‌ట్రా బిల్లు వేస్తాడు, అప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

షిఫ్ట్_గాజువాక:

గాజువాక వైపు కూడా కలపండి, స్టీల్ ప్లాంట్ దాకా అక్కడా ఫ్లైఓవర్ పనే కదా. లెటర్ తయారయ్యాక ఇక్కడ పెట్టండి, మా వీధిలో సంతకాలు నేను పెట్టిస్తా.