హమ్మస్‌ని చోడి రొట్టెతో తింటే తప్పా?

గుణుపురం కోడలు:
ఆదివారం ఇంట్లో ఫలాఫెల్ (అరబ్బుల వైపు వడల్లాంటి వంటకం) చేశాను. హమ్మస్, నువ్వుల సాస్, వెల్లుల్లి సాస్ చాలా మిగిలిపోయాయి. మర్నాడు పిల్లలకి చోడి (రాగి) రొట్టెలు కాల్చి హమ్మస్ రాసిస్తే మారు మాట్లాడకుండా తినేశారు. మా మరిది దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు. "వదినా, పిటా రొట్టె తప్ప ఇంకదేంతో తిన్నా హమ్మస్‌ని చెడగొట్టినట్టే" అంటాడు. నిజమేనా? మిగిలిన సాస్‌లు ఇంకెలా వాడొచ్చో కూడా చెప్పండి.

జయపురం మేష్టారు:
మీ మరిది మాటే సబబు అమ్మా. ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు. హమ్మస్ అంటే అంతే. దాని కోసం ఇజ్రాయెల్, లెబనాన్ ఎంత పట్టుదలకి పోయాయో చూడండి. 2010 జనవరిలో జెరూసలేం దగ్గరి అబూ ఘోష్‌లో నాలుగు టన్నుల హమ్మస్ చేసి రికార్డు పెట్టారు. మే నెలలో లెబనాన్ వాళ్లు 10,452 కిలోలు చేసి దాన్ని దాటేశారు. ఆ అంకె వాళ్ల దేశ విస్తీర్ణం, చదరపు కిలోమీటర్లలో. అంత ప్రాణంగా చూసుకునే వంటని మన ఇష్టం వచ్చినట్టు వాడుకోవడం మర్యాద కాదు. మన పులిహోరలో ఎవరైనా మయోనైజ్ కలిపితే మనం ఒప్పుకుంటామా?

రాయగడ తమ్ముడు:
మేష్టారూ, ఇక్కడ పిటా ఎక్కడ దొరుకుతుందండీ? చోడి పిండి అయితే ప్రతి సంతలోనూ ఉంటుంది. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలయ్యాక మా వైపు చోడికి మళ్లీ గిరాకీ వచ్చింది. అంబలి ఒక్కటే ఎన్నాళ్లు తాగుతాం? నాదో సందేహం, తాహినీ, అదే ఆ నువ్వుల ముద్ద, బదులు పల్లీలు వేయొచ్చా?

పర్లాకిమిడి పెద్దక్క:
మేష్టారూ, మీరంటే గౌరవం ఉంది గానీ ఈ మాట మాత్రం ఒప్పుకోను. హమ్మస్‌లో మార్పులు చేయడం వేరు, హమ్మస్‌ని వేరే రొట్టెతో తినడం వేరు. ఈ అమ్మాయి చేసింది రెండోది. చోడి రొట్టె పొడిగా ఉంటుంది, చల్లారితే గొంతులో పట్టేస్తుంది. దానికి కావలసిన కొవ్వు, పులుపు రెండూ హమ్మస్‌లో ఉన్నాయి. ఇంతకంటే మంచి జోడీ ఏముంది?

అసలు ఫలాఫెల్ ఒక్క తీరుగా ఉందా? ఈజిప్టులో బాకలా (ఫావా బీన్స్) గింజలతో చేస్తారు, లెబనాన్, పాలస్తీనా వైపు శనగలతో. దానిమీద పోసే ఆంబా అనే మామిడి సాస్ సంగతి చూడండి. బొంబాయితో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా మన వైపు ఊరగాయే అక్కడికి చేరిందని చెబుతారు. అందులో పసుపు, మెంతులు, మామిడి ఉంటాయి. మన మాగాయకి చాలా దగ్గర. నేను మాగాయ ముక్కల్ని మెత్తగా రుబ్బి, కాసిన్ని వేడినీళ్లతో పలచన చేసి ఫలాఫెల్ మీద పోస్తాను. మెంతి చేదు, పులుపు ఆ నూనె వంటకాన్ని భలే తేలిక చేస్తాయి.

ఇక మిగిలిన సాస్‌లు. నువ్వుల సాస్‌కి వంకాయ అంటే మహా ఇష్టం అనుకోండి. వంకాయని నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, మెదిపి, పైన ఈ సాస్ పోసి వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టండి, వేడన్నంలోకి. ముద్ద మరీ గట్టిపడిందని కంగారు పడొద్దు. నువ్వుల ముద్దలో నీళ్లు పోయగానే ముందు బిగుసుకుంటుంది. ఆపకుండా చెంచా చెంచా చన్నీళ్లు పోస్తూ గిలక్కొడితే ఉన్నట్టుండి తెల్లబడి, జారుగా అయిపోతుంది. అక్కడ ఆపేయాలి.

వెల్లుల్లి సాస్ కాల్చిన చేపకీ, వేయించిన బంగాళాదుంపకీ బాగుంటుంది. హమ్మస్‌ని దోసె మీద రాసి పైన ఉల్లిపాయ, కొత్తిమీర చల్లండి. కూర చిక్కబడాలంటే పొయ్యి ఆపాకే కలపండి, మరిగిస్తే నిమ్మ వాసన చెడుతుంది, నువ్వుల నూనె విడిపోతుంది. సాంబారులో మాత్రం వద్దు. చింతపండుతో దానికి పొసగదు, అక్కడ మేష్టారి పక్షమే నాది.

తమ్ముడూ, పల్లీలు వేస్తే రుచి బాగానే ఉంటుంది, కానీ అది పల్లీ పచ్చడి అవుతుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు రంగు మారకుండా దోరగా వేయించి, చల్లారాక నూనె చుక్కలేస్తూ మిక్సీలో తిప్పు. తాహినీ ఇంట్లోనే వస్తుంది. పొట్టు నువ్వులైతే చేదెక్కుతుంది.

జయపురం మేష్టారు:
చోడి రొట్టె దాకా సరేనమ్మా. దోసె మీద రాయడం నేనింకా ఒప్పుకోను. దోసెకి దాని పులుపు దానికుంది, ఇంకో పులుపు ఎందుకు? మాగాయ సంగతి మాత్రం మా ఇంట్లో చేయించి చూస్తాను.

గుణుపురం కోడలు:
పెద్దక్కా, ఈ ఎండల్లో ఇవి ఎన్నాళ్లుంటాయి? మాకు కరెంటు తరచూ పోతుంది.

పర్లాకిమిడి పెద్దక్క:
హమ్మస్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, పైన కాస్త నూనె పోసి ఉంచు. పచ్చి వెల్లుల్లి నూనెలో ఉన్నది బయట పెట్టకూడదు, పైకి బాగానే కనిపించినా లోపల విషం తయారు కావచ్చు. గంటల తరబడి కరెంటు పోయిందంటే వెల్లుల్లి సాస్ పారెయ్, మొహమాటపడకు. ఈసారి కొంచెమే చేసుకో తల్లీ.