గర్భిణుల పరీక్షల రోజున గృహహింస గురించి ఫోన్‌లో అడగవచ్చా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)

నమస్కారమండీ. సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన మా కేంద్రానికి గర్భిణులు వస్తారు. బీపీ, రక్తం, బరువు అన్నీ చూస్తాం గానీ, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని మాత్రం అడగం. అడుగుదామన్నా పక్కన భర్తో అత్తగారో ఉంటారు. మొన్న ఏడో నెల గర్భిణి ఒకామె మోచేతి మీద కమిలిన మచ్చలతో వచ్చి, మెట్ల మీద జారానని చెప్పి వెళ్లిపోయింది. ఆమె ఫోన్‌లోనే ఒక యాప్ వేయించి ప్రశ్నలకు జవాబు నొక్కమంటే, నోటితో చెప్పలేనిది వేలితో చెబుతుందేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు)

నోటితో కాకుండా తెర మీద అడగాలన్న ఆలోచన మంచిదే. అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ మిస్సోరీ పల్లెల్లోనూ ‘డవ్’ పేరుతో ఇలాంటి పని జరిగింది; గర్భిణుల ఇళ్లకు వెళ్లే నర్సులు హింస గురించి అడిగి, భద్రత కోసం ఏం చేయవచ్చో వివరించేవారు, ఆ తరువాత అదే పనికి ట్యాబ్‌ను కూడా వాడి చూశారు. ఎదుటి మనిషి ముఖం చూడనక్కరలేదు కనుక కొందరికి ట్యాబే నచ్చింది. మరికొందరు మాత్రం నర్సుతో మాట్లాడటమే మేలన్నారు. అంటే ట్యాబ్ తలుపు తెరుస్తుంది, లోపల మనిషి ఉండాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18-49 ఏళ్ల వివాహితల్లో భర్త హింసను ఎదుర్కొన్నామన్నవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం ఉండగా, గర్భంతో ఉన్నప్పుడు దెబ్బలు తిన్నామన్నవారు దేశం మొత్తం మీద 3.1 శాతమే. ఈ రెండో అంకెకు అందకుండా, చెప్పుకోలేక దాచుకున్నవారు ఇంకా ఎందరో ఉంటారని నా నమ్మకం.

జవాబు 2 (కౌన్సెలర్, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం)

ఆమె ఫోన్‌లో మాత్రం దయచేసి వద్దండీ. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఫోన్‌ను భర్త రోజూ చూస్తాడు. తల్లీబిడ్డల కార్డు మీద రాసిన నంబరు కూడా తరచూ ఆయనదే. ఆ నంబరుకు మన దగ్గర నుంచి ఒక్క మెసేజ్ వెళ్లినా ఆ రాత్రి ఆమెకేమవుతుందో ఆలోచించండి. అదే కారణంగా కార్డు మీద కూడా ఏమీ రాయకండి. 181 (మహిళా హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లను నోటికి వచ్చేలా రెండుసార్లు చెప్పించండి, చాలు. 2005 గృహహింస చట్టం కింద విడాకులు కోరకుండానే, ఉన్న ఇంట్లోనే రక్షణ ఉత్తర్వు అడగవచ్చని చెప్పండి. ఈ మాట విన్నాకే చాలామంది నోరు విప్పుతారు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, మనది కాదు. ఇంకో మాట, కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఆ నెలలే ఆమె నిర్భయంగా మాట్లాడగలిగే కాలం; అక్కడి ఏఎన్‌ఎంతో, ఆమె సరేనంటేనే, సంబంధం కలపండి.

జవాబు 3 (ఆరోగ్య సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను)

కేంద్రం దగ్గరే ఉండే ట్యాబ్ వాడండి. చదువు రానివారికి ప్రశ్నలు హెడ్‌ఫోన్‌లో తెలుగులో వినిపించాలి. ఎవరైనా వస్తే ఒక్క నొక్కుతో పోషకాహారం పేజీ తెరుచుకోవాలి. జవాబులు గర్భిణి మామూలు రికార్డుతో కలిసి పై కార్యాలయాలకు వెళ్లకూడదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ, ఫోన్ ఆలోచన మానుకున్నాను. కానీ ఆమెను ఒంటరిగా ఎలా పిలవాలి? అత్తగారు బయట కూర్చోరు.

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు)

మూత్ర పరీక్షకు డబ్బా ఇచ్చి లోపలికి పంపేటప్పుడు అత్తగారు వెంట రారు కదా. బాత్‌రూమ్ పక్క గదిలో ట్యాబ్ పెట్టండి. అయితే జవాబు ‘అవును’ అని వచ్చిన రోజున ఆమెతో పావుగంట కూర్చోవడానికి మీలో ఒకరు ఖాళీగా ఉండాలి; ఆ ఏర్పాటు కుదిరేదాకా ట్యాబ్ తెరవకండి.