అప్‌డేట్: కహికి జ్ఞాపకాల సేకరణ ఎంతవరకు వచ్చిందంటే

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో 1961 నుంచి 2000 వరకు నడిచిన కహికి సప్పర్ క్లబ్‌కు (పసిఫిక్ మహాసముద్రంలోని పాలినేషియా దీవుల శైలిలో అలంకరించిన భోజనశాల) సంబంధించిన వస్తువులు, జ్ఞాపకాలు ఉంటే పంచుకోవాలని నేను కోరగా స్పందించిన వారందరికీ కృతజ్ఞతలు.

ఇప్పటికి నా వద్దకు ఒక మెనూ కార్డు, రెండు అగ్గిపెట్టెలు, అంచు విరిగిన ఒక పింగాణీ మగ్గు చేరాయి. మగ్గుకు అతుకు వేయించవద్దని నిర్ణయించుకున్నాను; ఆ విరుగు కూడా దాని చరిత్రలో భాగమే. అయితే వస్తువులకంటే జ్ఞాపకాలే ఎక్కువ విలువైనవిగా తోచాయి. పడవ ఆకారపు పైకప్పు, మోయాయ్ (ఈస్టర్ దీవిలోని భారీ రాతి విగ్రహం) ముఖంతో కట్టిన భారీ నిప్పుగూడు, కిటికీల అద్దాలపై కురిసే కృత్రిమ వర్షం, నలుగురికి సరిపడే ‘మిస్టరీ డ్రింక్’ వచ్చేముందు మోగే గంట గురించి దాదాపు అందరూ రాశారు. పాలినేషియా ప్రజల అసలు జీవితానికీ ఈ అలంకరణకూ సంబంధం తక్కువేనని ఒకరు గుర్తుచేశారు. అది న్యాయమైన మాటే.

1997లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరిన ఆ భవనాన్ని మూడేళ్లకే కూల్చివేసి, అక్కడ మందుల దుకాణం కట్టారు. భోజనశాల లోపలి రంగు ఫొటోలు మాత్రం ఇంకా దొరకలేదు. ఉన్నవారు ప్రతులు పంపితే చాలు, అసలువి మీ వద్దే ఉంచుకోండి.