110వ కీర్తనలో రెండు తలలు: ‘నలుగగొట్టును’, ‘తల యెత్తును’

మిత్రులారా, వారం రోజులుగా హాండెల్ ‘దిక్సిత్ దోమినుస్’ వింటున్నాను. 110వ కీర్తనకి (లాటిన్ బైబిలు లెక్కలో 109) ఆయన కూర్చిన బృందగానం అది. లూథరన్ ఇంట పుట్టిన జర్మన్ కుర్రవాడు రోమ్ వెళ్లి, కేథలిక్కులు సాయంకాల ప్రార్థనలో పాడుకునే కీర్తనను తీసుకుని 1707 ఏప్రిల్‌లో పూర్తిచేశాడు. అప్పటికి 22 ఏళ్లు.

తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని వింటూ ఆరో వచనం దగ్గర ఆగిపోయాను. లాటిన్‌లో ‘కోన్‌క్వస్సాబిత్ కాపిత’, అంటే తలలు చితగ్గొడతాడు అని. ఆ క్రియను హాండెల్ కోన్, క్వ, స్సా, బిత్ అని విడగొట్టి, ఐదు గొంతుల బృందం చేత ఒక్కో అక్షరాన్నీ సమ్మెట దెబ్బలా వేయిస్తాడు. మనకి ‘విశాలదేశముమీది ప్రధానుని ఆయన నలుగగొట్టును’ అని ఉంది. బట్ట నలుగుతుంది, మనసు నలుగుతుంది. ఆ మెత్తని మాటకి ‘కొట్టు’ తగిలేసరికి ఎంత బలం వచ్చిందో చూడండి! ఆ ‘గగొ’ దగ్గర నాలుక కూడా రెండుసార్లు కొడుతుంది.

నా బాధంతా ‘ప్రధానుడు’తోనే. హీబ్రూలో అక్కడున్న మాట ‘రోష్’, అంటే తల. యూదుల కొత్త సంవత్సరం ‘రోష్ హషానా’లో ఉన్నదీ అదే, ఏడాదికి తల. కీర్తన చివరి మాట కూడా ‘రోష్’: ‘మార్గమున ఏటి నీళ్లు పానముచేసి ఆయన తల యెత్తును’. ఒక తల నలిగింది, మరో తల లేచింది. లాటిన్ ‘కాపిత’, ‘కాపుత్’ అంటూ ఆ జంటను నిలుపుకుంది. తెలుగులో మొదటి తల జారిపోయింది.

ఒక మిత్రుడి జవాబు: హీబ్రూలో ఏకవచనమే కదండీ. దేశాన్ని ఏలేవాణ్ణి ఉద్దేశించిన మాట కాబట్టి ‘ప్రధానుడు’ తప్పెలా అవుతుంది?

నా మాట: తప్పనడం లేదండీ, అర్థం సరిగ్గానే వచ్చింది. కానీ ‘ఊరికి తలకాయలాంటివాడు’ అని మనమూ అంటాం కదా. ‘విశాలదేశపు తలను నలుగగొట్టును’ అని ఉంటే అర్థమూ చెడదు, జంటా నిలుస్తుంది.

ఏడో వచనంలో మాత్రం తెలుగే నాకు ఎక్కువ నచ్చింది. లాటిన్ ‘తాగుతాడు, అందుచేత తల ఎత్తుతాడు’ అని కారణం చెబుతుంది. మన ‘పానముచేసి’లో ఆ ‘చేసి’ వల్ల ఒక పని వెంట మరో పని కళ్లకి కడుతుంది. హాండెల్ అక్కడ రెండు సొప్రానో (అన్నిటికన్నా పైస్థాయి) గొంతులను ఒకదానితో ఒకటి ఒరుసుకునేలా నెమ్మదిగా పారించాడు. తల ఎత్తడం గురించి పాడేది కింద మగగొంతులు, అన్నీ కలిసి ఒకే స్వరవరుసలో, లోగొంతుకతో. మన ‘తలెత్తుకు తిరగడం’లోని దర్జా అందులో లేదు. ఏటి ఒడ్డున వంగి దాహం తీర్చుకున్న మనిషి మెల్లగా తల పైకెత్తినట్టు వినిపిస్తుంది నాకు.