న్యూరోబ్లాస్టోమా: ఎమ్‌వైసీఎన్ లేదని వచ్చాక ఇంకో జన్యు పరీక్ష దేనికి?

ప్రశ్న: మా అక్క కూతురికి 14 నెలలు. కడుపులో గడ్డకి బయాప్సీ చేస్తే న్యూరోబ్లాస్టోమా (పసిపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్) అని తేలింది. రిపోర్టులో ఎమ్‌వైసీఎన్ యాంప్లిఫికేషన్ లేదని రాశారు, అయినా 11క్యూ రిపోర్టు కూడా వచ్చేదాకా ఆగమంటున్నారు డాక్టర్లు. ఎందుకు? పైగా ఇది మా వంశంలోంచి వచ్చిందేమోనని అక్క ఒకటే ఏడుపు.

జవాబు: ముందు మీ అక్కగారికి చెప్పండి, ఈ జబ్బు వంశపారంపర్యంగా వచ్చేది నూటికి ఒకరిద్దరిలోనే. రిపోర్టులో ఉన్నది గడ్డ కణాల్లో పుట్టిన మార్పుల గురించి, అవి తల్లిదండ్రులు ఇచ్చినవి కావు.

ఎమ్‌వైసీఎన్ యాంప్లిఫికేషన్, అంటే ఆ జన్యువు కాపీలు పెరగడం, లేకపోవడం నిజంగా మంచి కబురే. సుమారు 20 శాతం గడ్డల్లో ఈ జన్యువు కాపీలు విపరీతంగా పెరిగిపోయి ఉంటాయి, అప్పుడు పాప ఎంత చిన్నదైనా చాలావరకు హై రిస్క్ కిందే లెక్కేస్తారు. అయితే అది లేనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదండి. 11వ క్రోమోజోములో క్యూ అనే పొడుగు భాగం ముక్క పోయిన గడ్డలు కూడా మొండివే, వాటిలో సాధారణంగా ఎమ్‌వైసీఎన్ పెరగదు. అందుకే మొదటి పరీక్షలో దొరకనిది రెండోదాంట్లో బయటపడొచ్చు.

మీ పాపకి 18 నెలలు దాటలేదు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఉదాహరణకి స్టేజ్ ఎల్2 (గడ్డ ఒకచోటే ఉన్నా ముఖ్యమైన భాగాలకి చుట్టుకుని ఆపరేషన్ కష్టమయ్యే దశ) అయితే, 11క్యూ బాగుంటే లో రిస్క్, పోతే ఇంటర్మీడియట్. ఎంత కీమో ఇవ్వాలో, అసలు ఇవ్వాలో లేదో దీన్నిబట్టి మారుతుంది, కాబట్టి ఈ ఎదురుచూపు దండగ కాదు. క్రోమోజోములు ముక్కలుగా కాకుండా మొత్తానికి మొత్తం ఎక్కువ ఉన్నాయని వస్తే భయపడకండి, ఈ వయసులో అది మంచి లక్షణమే.

ప్రశ్న: థాంక్సండి. ఏఎల్‌కే అని కూడా ఏదో పంపారట. అది తేడాగా వస్తే?

జవాబు: గడ్డలో ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు దొరికితే దానికి పనిచేసే మందులున్నాయి, అందుకే చూస్తారు. కానీ వంశపారంపర్య కేసుల్లో ఎక్కువగా కనిపించే జన్యువూ అదే, కాబట్టి అప్పుడు పాప రక్తంలో కూడా వెతకమనండి. రక్తంలో లేకపోతే అది గడ్డకే పరిమితమని దాదాపుగా అనుకోవచ్చు. ఉంటే అక్కాబావలిద్దరూ జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవాలి, ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే మరీను.

ఇంకోటి, పంపిన ముక్కలో గడ్డ కణాలు ఎంత శాతం ఉన్నాయో డాక్టర్‌ని అడగండి. అవి మరీ తక్కువుంటే, ఉన్న మార్పు కూడా లేదనే రావొచ్చు.